నరం గ్రాఫ్ట్ చేయించాలా, ఇంకొన్నాళ్లు చూడాలా?

మీరు రాసినదాంట్లో నాకు అర్థమైంది ముందు చెబుతాను, తప్పుంటే సరిచేయండి. మీ తమ్ముడికి 27 ఏళ్లు. విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డులో పని. రేకు జారి కుడి ముంజేయి తెగింది. మణికట్టు గీతకు 8 సెంటీమీటర్ల పైన, చిటికెన వేలి వైపు. ఆ రోజు దగ్గర్లోని ఆసుపత్రిలో రక్తం ఆపి, టెండన్లు (కండను ఎముకకు కలిపే తాళ్లు) కలిపి, కుట్లు వేసి పంపారు. పది వారాలైంది. గాయం మానింది గానీ చిటికెన వేలు, ఉంగరం వేలు వంకర తిరిగి మొద్దుబారాయి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ గుంట పడింది. ఇప్పుడు గుంటూరులో ప్లాస్టిక్ సర్జన్ నరాల టెస్టూ స్కానూ చూసి, అల్నార్ నరం (ముంజేతిలో చిటికెన వేలి వైపు దిగే నరం) పూర్తిగా తెగిందని, పాడైన కొనలు కోసేస్తే మధ్యలో దాదాపు 5 సెంటీమీటర్ల ఖాళీ వస్తుందని, కాలి నుంచి నరం తీసి అతకాలని (గ్రాఫ్ట్ అంటే అదే) చెప్పారు. ఇంట్లో పెద్దవాళ్లు "చెయ్యి పోయింది చాలక కాలు కూడా పాడు చేసుకుంటామా" అంటున్నారు. మీ బాబాయి గారబ్బాయికి చెయ్యి దానంతట అదే బాగైంది కాబట్టి ఇంకో ఆరు నెలలు చూద్దామంటున్నారు.

నేను గుంటూరులో ఫిజియోథెరపిస్టుని. చాలా ఏళ్లుగా చేతి గాయాలే ఎక్కువగా చూస్తున్నాను. ఆపరేషన్ చేసేది నేను కాదు. ఆపరేషన్ అయ్యాక ఏడాది, రెండేళ్లు ఆ చేతిని రోజూ పట్టుకుని కూర్చునేది మాత్రం నేనే. అందుకే సూటిగా చెబుతున్నాను: చేయించండి. ఈ నెలలోనే చేయించండి. ఆరు నెలలు ఆగుదామన్న మాట వినొద్దు.

ముందు మీ బాబాయి గారబ్బాయి సంగతి. మోచేతికి పైన ఎముక విరిగి, మణికట్టు వాలిపోయి, నాలుగు నెలల తర్వాత మెల్లగా లేచిందన్నారు. అది రేడియల్ నరం. ఆ ఎముకను చుట్టుకునే పోతుంది కాబట్టి ఎముక విరిగినప్పుడు నలుగుతుంది, సాగుతుంది. చాలామందిలో తెగదు. 1943లో హెర్బర్ట్ సెడన్ అనే బ్రిటిష్ సర్జన్ నరం గాయాలను మూడు రకాలుగా విడదీశాడు. మొదటి దాంట్లో నరం దెబ్బతిని కొన్నాళ్లు పనిచేయడం మానేస్తుంది, లోపల పోగులన్నీ బాగానే ఉంటాయి. రెండో దాంట్లో లోపలి పోగులు తెగుతాయి, పైనున్న గొట్టాలు మిగిలి ఉంటాయి. ఆ గొట్టాల్లోంచే కొత్త పోగులు పెరిగి వస్తాయి. మూడో దాంట్లో నరం మొత్తం తెగిపోతుంది. మొదటి రెండూ దానంతట అవే బాగవుతాయి, అందుకే చర్మం తెగని మూత గాయాల్లో డాక్టర్లు మూడు నెలలదాకా చూస్తారు. మీ తమ్ముడిది రేకు కోసిన గాయం, మూడో రకం. పైకొన నుంచి పోగులు పెరుగుతూనే ఉంటాయి గానీ, ఎటు పోవాలో దారి దొరక్క అక్కడే ముద్దగా చుట్టుకుంటాయి. మచ్చ మీద ఒక చోట తాకితే కరెంటు కొట్టినట్టు చెయ్యి లాక్కుంటున్నాడని రాశారు, అది ఆ ముద్దే. న్యూరోమా అంటారు. అలాంటి నరం ఎన్ని నెలలు చూసినా దానంతట అది కలవదు.

నరం తెగితే కిందిభాగానికి ఏమవుతుందో 1850లోనే అగస్టస్ వాలర్ అనే శాస్త్రవేత్త కప్ప నాలుక నరాలు కోసి చూపించాడు. తెగిన చోటు కింద ఉన్న పోగులు కొద్ది రోజుల్లోనే ముక్కలై కరిగిపోతాయి. మిగిలేవి ఖాళీ గొట్టాలు, వాటిలో వరుస కట్టి నిలబడే ష్వాన్ కణాలు. పైనుంచి వచ్చే పోగులకు దారి చూపేవి అవే. అవి కూడా ఎల్లకాలం అలా ఉండవు. నెలలు గడిచేకొద్దీ గొట్టాలు కుంచించుకుపోతాయి, కణాలు తగ్గిపోతాయి.

ఇప్పుడు లెక్క వేద్దాం, ఎందుకంటే మీ ఇంట్లో వాళ్లకు ఈ లెక్క చూపిస్తే చాలావరకు వాదన తగ్గుతుంది. పెరిగే పోగు వేగం రోజుకు సుమారు 1 మిల్లీమీటరు, నెలకు ఇంచు అనుకోండి. సర్జన్ పైకొనను ఆరోగ్యమైన చోటుదాకా కోసుకుంటూ పోతే అది మణికట్టుకు 10, 11 సెంటీమీటర్ల పైన తేలుతుంది. మణికట్టు నుంచి అరచేతిలోని చిన్న కండరాల దాకా ఇంకో 8, 9 సెంటీమీటర్లు. మొత్తం 20 సెంటీమీటర్లు, అంటే 200 రోజులు. పోగులు మొదలవడానికి, రెండు చోట్ల కుట్టు దాటడానికి ఇంకో నెలా నెలన్నర కలపండి. ఆపరేషన్ రేపే జరిగినా కండరాన్ని చేరేసరికి ఎనిమిది నెలలు. ఇప్పటికే పది వారాలు పోయాయి. గాయం నుంచి లెక్కిస్తే పదిన్నర నెలలు.

నరం లేని కండరం ఎన్నాళ్లు ఆగుతుంది? ఏడాది నుంచి ఏడాదిన్నర. ఆ తర్వాత నరం వచ్చి అతుక్కునే చోట్లు చెడిపోతాయి, కండ స్థానంలో పీచు, కొవ్వు చేరతాయి. అప్పుడు నరం చేరినా కదలిక రాదు. ఇప్పుడు చేయిస్తే గడువులోపల ఉన్నారు. ఆరు నెలలు ఆగి చేయిస్తే గాయం నుంచి పదహారు, పదిహేడు నెలలకు నరం చేరుతుంది. అప్పటికి ఆ కండలో ఏం మిగులుతుందో చెప్పలేం. స్పర్శకు ఇంత కచ్చితమైన గడువు లేదు, ఆలస్యంగా కలిపినా కొంత వస్తుంది. కానీ మీ తమ్ముడికి రెంచి పట్టాలన్నా, నట్టు తిప్పాలన్నా కావాల్సింది ఆ చిన్న కండరాలే.

"రెండు కొనలూ లాగి కుట్టెయ్యొచ్చు కదా, కాలిదెందుకు" అని మీ నాన్నగారు అడిగారన్నారు. మంచి ప్రశ్న. మొదటి రోజే కుట్టి ఉంటే అలాగే కుట్టేవారు. ఇప్పుడు కొనలు వెనక్కి జరిగాయి, మచ్చలో అతుక్కున్నాయి, పైకొన ముద్ద కట్టింది. ఆ ముద్దనూ, కిందికొనలో గట్టిపడిన భాగాన్నీ కోసేసి, లోపలి చిన్న కట్టలు మెత్తగా పైకి ఉబికి కనబడేదాకా వెళ్లాలి. మచ్చకు మచ్చను కుడితే పోగులు దాటవు. అలా కోశాక మిగిలే ఖాళీని లాగి మూస్తే నరానికి రక్తం అందదు. 1973లో స్వీడన్‌లో లుండ్‌బోర్గ్, రైడెవిక్ కుందేళ్ల నరాలను సాగదీసి చూశారు. ఉన్న పొడవు మీద 8 శాతం సాగగానే రక్తం ప్రవాహం తగ్గడం మొదలైంది, 15 శాతానికి పూర్తిగా ఆగిపోయింది. అదే కాలంలో వియన్నాలో హానో మిల్లెసి అనే సర్జన్, బిగువుగా ఒక్కచోట కుట్టడం కంటే వదులుగా రెండు చోట్ల కుట్టి మధ్యలో గ్రాఫ్ట్ పెట్టడమే మేలని తన రోగుల చేతుల్లో చూపించాడు. ఇప్పటికీ సర్జన్లు వెళ్తున్నది ఆ దారినే. అల్నార్ నరానికి ఒక వెసులుబాటు ఉంది. మోచేతి వెనక నుంచి దాన్ని ముందుకు మారిస్తే రెండు మూడు సెంటీమీటర్లు కలిసొస్తుంది. మీ సర్జన్ దాన్ని ఆలోచించారా అని అడగండి. 5 సెంటీమీటర్లకు అదొక్కటే చాలకపోవచ్చు గానీ గ్రాఫ్ట్ పొడవు తగ్గితే మంచిదే.

కాలి నుంచి తీసేది సూరల్ నరం. పిక్క వెనక కిందికి దిగి, చీలమండ బయటి ఎముక వెనక నుంచి పాదం బయటి అంచుకు పోతుంది. దాని పని స్పర్శ ఒక్కటే, కండరాలను కదిలించే పని దానికి లేదు. తీసేశాక మడమ పక్క నుంచి చిటికెన కాలివేలి దాకా పాదం బయటి అంచు మొద్దుబారుతుంది. నడక, పరుగు, మెట్లు, బండి గేర్లు, వేటికీ ఇబ్బంది రాదు. మొద్దుబారిన మేర కూడా నెలలు గడిచేకొద్దీ చుట్టుపక్కల నరాల వల్ల కొంత తగ్గుతుంది. కొద్దిమందికి పిక్కలో కోసిన కొన దగ్గర నొప్పి ఉంటుంది, ఆ సంగతి ముందే తెలిసి ఉండాలి. కొత్త చెప్పులు వేసుకున్నప్పుడు ఆ అంచున పొక్కు లేచినా తెలియదు కాబట్టి రాత్రి పడుకునే ముందు పాదం చూసుకోవాలి. కాలు పాడవడమంటే ఇంతే. నా దగ్గరికి వచ్చే వాళ్లలో కొన్నాళ్లకు కాలి గురించి ఎత్తేవాళ్లు చాలా తక్కువ, చేతి గురించే మాట్లాడతారు.

సూరల్ నరం సన్నం, అల్నార్ లావు. అందుకని మూడు నాలుగు ముక్కలు పక్కపక్కనే పెట్టి, మైక్రోస్కోపు కింద వెంట్రుక కంటే సన్నని నైలాన్ దారంతో కుడతారు. 5 సెంటీమీటర్లవి నాలుగు ముక్కలంటే 20 సెంటీమీటర్లు, వదులు కోసం ఇంకొంచెం. ఒక కాలి నుంచి 30 సెంటీమీటర్లకు పైగానే దొరుకుతుంది కాబట్టి రెండో కాలు ముట్టుకోరు. లావుపాటి ముక్క ఒక్కటి పెట్టకుండా సన్నవి పెట్టడంలో ఇంకో కారణం ఉంది. గ్రాఫ్ట్‌కు మొదట్లో సొంత రక్తనాళం ఉండదు. నాటు వేసిన వరినారు వేరు పట్టేదాకా చుట్టూ ఉన్న బురద తడి మీద బతికినట్టు, అది మొదటి కొన్ని రోజులు చుట్టూ ఉన్న కండ నుంచి ఊరే తేమ మీదే బతుకుతుంది. సన్నగా ఉంటే నడిమి దాకా తేమ అందుతుంది. గట్టి మచ్చ మీద పెడితే అందదు. సిగరెట్టు కాలిస్తే రక్తం ఇంకా తగ్గుతుంది. మీ తమ్ముడు కాలుస్తాడో లేదో మీరు రాయలేదు. కాలుస్తుంటే ఇవాళే మాన్పించండి, ఆపరేషన్ అయ్యాక అని వాయిదా వెయ్యొద్దు.

ఇంకో మాట. ఆ గ్రాఫ్ట్‌లో ఉన్న పోగులు కూడా కరిగిపోతాయి. కాలి నరం వచ్చి చేతిలో పనిచేయదు, అది దారి మాత్రమే ఇస్తుంది. ఆ దారిలో పెరిగి రావాల్సింది మీ తమ్ముడి సొంత నరం పోగులే. ఇది అతనికి ముందే చెప్పండి. లేకపోతే "ఆపరేషన్ అయిపోయింది కదా, వేలు ఎందుకు కదలట్లేదు" అని మూడో నెలలో నీరసపడిపోతాడు. చేతులు పాడయ్యేది చాలాసార్లు ఆ మూడో నెల నుంచి ఎనిమిదో నెల మధ్యలోనే. పైకి ఏమీ కనబడదు, డాక్టరు దగ్గరికి వెళ్లినా "చూద్దాం" అంటారు, మనిషి విసిగిపోతాడు, వ్యాయామం మానేస్తాడు, వేళ్లు వంగిపోకుండా పట్టి ఉంచే స్ప్లింట్ అలమారాలోకి పోతుంది. ఆ తర్వాత నరం వచ్చేసరికి వేలి కీళ్లు బిగుసుకుపోయి ఉంటాయి. కండరంలో కదలిక వచ్చినా తిప్పడానికి కీలు ఉండదు. ఆపరేషన్ బాగా జరిగి కూడా పనికిరాకుండా పోయిన చేతులు ఇలాంటివే. చూస్తే నాకు చాలా బాధనిపిస్తుంది, ఎందుకంటే ఆ నష్టం రోజుకు పావుగంట పెట్టి ఉంటే ఆగేది.

కాబట్టి ఆ నెలల్లో ఏం చేయాలో వివరంగా రాస్తున్నాను. మొదటి మూడు వారాలు దాదాపు ఏమీ చేయకూడదు. కట్టులో ఉంచుతారు, ఉంచనివ్వండి. తర్వాత సర్జన్ అనుమతితో మొదలుపెడతాం.

ఇప్పుడే ఇంట్లో ఒకటి చేసి చూడండి. అతని చెయ్యి బల్ల మీద పెట్టించి, చిటికెన వేలు, ఉంగరం వేలు అరచేతిని కలిసే కణుపుల మీద మీ బొటనవేలు ఆనించి, అవి వెనక్కి లేవకుండా మెల్లగా ఆపండి. అప్పుడు వేళ్లు చాపమనండి. వంకరగా ఉన్న మధ్య కణుపులు చాలావరకు నిటారుగా వస్తాయి. అలా వచ్చాయంటే కీళ్లు ఇంకా మెత్తగా ఉన్నాయని అర్థం. నకుల్ బెండర్ స్ప్లింట్ చేసే పని కూడా ఇదే, మీ బొటనవేలు చేసిన పనిని అది రోజంతా చేస్తుంది. ఒకవేళ మధ్య కణుపులు మీరు చేత్తో లాగినా చాపుకోకపోతే బిగుసుకోవడం అప్పుడే మొదలైంది. ఆపరేషన్ తేదీ కోసం చూడకుండా రేపే ఫిజియోథెరపీ మొదలుపెట్టించండి.

ప్రతి కీలునూ రోజుకు మూడుసార్లు, రెండో చేత్తో, పూర్తిగా చాపి పూర్తిగా ముడవాలి. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య జాగా ముడుచుకుపోకుండా చూడాలి. మచ్చ మీద కొబ్బరినూనె రాసి వేలితో గుండ్రంగా రుద్దొచ్చు, అదీ కుట్లు పూర్తిగా మానాక. మచ్చ కింద ఏదీ అతుక్కోకుండా ఉండటానికే ఆ రుద్దడం.

నరం ఎంతదాకా వచ్చిందో తెలుసుకునే మార్గం ఒకటుంది. 1915లో, మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడ్డ సైనికులను చూస్తూ ఫ్రాన్స్‌లో జూల్ టినెల్, జర్మనీలో పాల్ హాఫ్‌మన్ ఎవరికి వారు దీన్ని రాశారు. నరం వెంట కింది నుంచి పైకి వేలితో మెల్లగా కొడుతూ రండి. ఒక చోట కొట్టగానే చిటికెన వేలిలోకి జివ్వుమని పాకుతుంది. పెరుగుతున్న పోగుల కొన అక్కడుంది. ఆ చోట బాల్‌పెన్నుతో గీత గీసి, పక్కన స్కేలు పెట్టి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. నెలకొకసారి చాలు, రోజూ కొడితే టెన్షన్ తప్ప ఏమీ రాదు. నెలనెలా ఆ గీత రెండు మూడు సెంటీమీటర్లు కిందికి దిగుతుంటే పని జరుగుతోంది. మూడు నెలలు వరుసగా ఒకే చోట ఆగిపోతే సర్జన్‌కు చూపించాలి. జివ్వుమన్నంత మాత్రాన కండరం వస్తుందని హామీ లేదు, కానీ ఏమీ కనబడని నెలల్లో చేతికి చిక్కే ఆధారం ఇదొక్కటే. గీత కదిలిందని చూపించినప్పుడు మనుషుల ముఖాల్లో వచ్చే తేడా నాకు బాగా తెలుసు.

చర్మం మీద కూడా ఒక గుర్తు ఉంది. గోరువెచ్చని నీళ్లలో రెండు చేతులూ అరగంట నానబెడితే మంచి వేళ్ల కొసలు ముడతలు పడతాయి, నరం లేని చిటికెన వేలు నున్నగానే ఉంటుంది. చెమట కూడా పట్టదు, పొడిగా ఉంటుంది. నరం చేరాక ముడతలు, చెమట తిరిగి మొదలవుతాయి. నీళ్లు మాత్రం మంచి చేత్తోనే చూసుకోవాలి.

మొద్దుబారిన చేతి జాగ్రత్త గురించి గట్టిగా చెప్పాలి. గుంటూరు, బెజవాడ ఎండల్లో నిలబెట్టిన బండి ట్యాంకు మీద చెయ్యి ఆనిస్తే మనకు వెంటనే తెలుస్తుంది. అతనికి తెలియదు. టీ గ్లాసు, ఇస్త్రీపెట్టె, వెల్డింగ్ చేసిన రేకు, అన్నీ అంతే. పొక్కు లేచి పగిలాక చూసుకుంటాడు, అది మానడానికి మామూలు కంటే ఎక్కువ రోజులు పడుతుంది. పెద్దవాళ్లు చెప్పే ఇటుక కాపడం, వేడినీళ్ల సంచి ఆ చేతికి వద్దే వద్దు. పచ్చిమిరపకాయలు తరిగినా, ఎండుమిర్చి తొడిమలు తీసినా ఆ వేళ్లకు మంట తెలియదు, అదే చేత్తో కన్ను నలుపుకుంటాడు. రోజూ రాత్రి ఆ చేతిని ఇంట్లో ఎవరైనా ఒకరు వెలుతుర్లో తిప్పి చూడండి. మీరే చూస్తే ఇంకా మంచిది.

నొప్పి గురించి అడిగారు. నరం పెరుగుతున్నప్పుడు మంటలు, సూదులు గుచ్చినట్టు ఉండటం మామూలే, రాత్రిళ్లు ఎక్కువ. డాక్టర్లు గాబాపెంటిన్, ప్రీగాబలిన్, అమిట్రిప్టిలిన్ లాంటివి రాస్తారు. మామూలు నొప్పి బిళ్లలు దీనికి పెద్దగా పనిచేయవు. ఇవి మత్తుగా ఉంచుతాయి కాబట్టి వేసుకున్న కొత్తలో బండి నడపకూడదు, యంత్రాల దగ్గర నిలబడకూడదు. తగ్గింది కదా అని ఒక్కసారిగా ఆపొద్దు, డాక్టరు చెప్పినట్టు తగ్గించుకుంటూ రావాలి.

బీ12 ఇంజెక్షన్లు, "నరాల బలం" బిళ్లలు: ఒంట్లో బీ12 తక్కువుంటే తప్పకుండా వాడాలి. తెగిన నరాన్ని అవి అతికించలేవు. వాటి భరోసా మీద నెలలు పోగొట్టుకుని వచ్చే వాళ్లను చూస్తుంటాను, అందుకే ఇంత కరాఖండిగా రాస్తున్నాను. కరెంటు పెట్టించడం గురించి కూడా ఇదే చెబుతాను. కండరం కరగకుండా కొంత ఉపయోగపడుతుందని కొన్నిచోట్ల పెడతాం, దాని ఫలితం మీద అభిప్రాయాలు రకరకాలుగా ఉన్నాయి. పెట్టినప్పుడు వేలు ఎగరడం చూసి నరం వచ్చేసిందని అనుకోవద్దు. నా దగ్గర సమయం తక్కువుంటే కరెంటు మానేసి కీళ్లు కదిలించడానికే ఆ సమయం ఇస్తాను. నాటు వైద్యుడి నూనె మర్దనా మాత్రం కొత్తగా కుట్టిన నరం మీద పడకూడదు. ఆ మర్దనా చేయిద్దామంటున్న మీ మేనమామ గారికి మనసు నొవ్వకుండా చెప్పండి: ఆర్నెల్ల తర్వాత చూద్దాం అనండి.

ఏం ఆశించొచ్చు? ఇది దాచకూడదు. చేతికి వచ్చే మూడు పెద్ద నరాల్లో మిగతా రెండైన రేడియల్, మీడియన్‌లతో పోలిస్తే అల్నార్ కండరాలు తిరిగి రావడం కష్టం. చిన్న కండరాలు, సున్నితమైన పని, పైగా ఒకే నరంలో స్పర్శ పోగులూ కదలిక పోగులూ కలిసి ఉంటాయి, కొన్ని దారి తప్పుతాయి. పిల్లల్లో బాగా వస్తుంది, వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. 27 ఏళ్లు మంచి వయసే. గాయం మణికట్టుకు దగ్గరగా ఉండటం కూడా కలిసొచ్చే విషయం. నేను అనుకునేది: వేడి, గాయం తెలిసేంత స్పర్శ రావాలి, వంకర తగ్గాలి, పిడికిలి పట్టు బాగా పెరగాలి. వేళ్లు విడదీసి దగ్గరకు చేర్చడం కొంత రావచ్చు. మునుపటి చెయ్యి అచ్చంగా అలాగే వస్తుందని ఎవరైనా మాటిస్తే నమ్మొద్దు. మెరుగుదల రెండేళ్లదాకా, ఒక్కోసారి ఇంకా ఎక్కువ కాలం సాగుతూనే ఉంటుంది.

స్పర్శ వచ్చిన కొత్తలో తికమకగా ఉంటుంది. చిటికెన వేలు ముట్టుకుంటే ఉంగరం వేలు అనిపిస్తుంది. పోగులు పాత చిరునామాలకు కాకుండా వేరే చోట చేరాయి, మెదడు మళ్లీ నేర్చుకోవాలి. ఒక గిన్నెలో కందిపప్పు, ఇంకో దాంట్లో రాగులు, మరో దాంట్లో ఇసుక పోసి, కళ్లు తెరిచి ఒకసారి, మూసి ఒకసారి తాకించి, ఏదో చెప్పించండి. తర్వాత నట్టు, బోల్టు, వాషర్. అతని పనిముట్లే అయితే మనసు పెట్టి చేస్తాడు.

కండరాలు అస్సలు రాకపోతే దారులు మూసుకుపోయినట్టు కాదు. పనిచేస్తున్న టెండన్‌ను మళ్లించి వంకర సరిచేసే ఆపరేషన్లు ఉన్నాయి. కుష్ఠు వల్ల ఇదే అల్నార్ నరం చచ్చుబడి వేళ్లు వంగిపోయిన వాళ్లకు 1940ల చివర్లో పాల్ బ్రాండ్ అనే సర్జన్ వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో ఇలాంటివి చేసి చేతులు నిలబెట్టాడు. ఆ విద్య అక్కణ్ణుంచి చాలా దేశాలకు పోయింది. దానికీ కీళ్లు మెత్తగా ఉండాలి. ఇప్పుడు చేసే వ్యాయామం ఏ దారిలో వెళ్లినా వృథా పోదు.

వేలూరో, కోయంబత్తూరో వెళ్లాలా అని అడిగారు. చేతి, నరాల సర్జరీకి రెండు ఊళ్లలోనూ మంచి పేరున్న ఆసుపత్రులున్నాయి. వెళ్లగలిగితే ఇంకో అభిప్రాయం తీసుకోండి, నెల దాటనివ్వొద్దు. ఇక్కడే చేయించుకున్నా తప్పేమీ లేదు. మైక్రోస్కోపు కింద కుడతారా, నరాల గ్రాఫ్టులు ఆయన తరచుగా చేస్తుంటారా, రెండూ మొహమాటం లేకుండా అడగండి. మంచి సర్జన్ దీనికి నొచ్చుకోడు. ఫిజియోథెరపీ మాత్రం ఇంటికి దగ్గర్లోనే పెట్టుకోండి, రెండేళ్లు తిరగాల్సింది అక్కడికి.

ఖర్చు: డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవలో ఈ ఆపరేషన్ వస్తుందా అని ఆ ఆసుపత్రి వైద్యమిత్ర దగ్గర కార్డు చూపించి కనుక్కోండి. షెడ్డు వాళ్లు ఈఎస్ఐ కడుతున్నారేమో జీతం కాగితం చూడండి. కట్టకపోతే పనిలో జరిగిన ప్రమాదం కాబట్టి చట్టప్రకారం నష్టపరిహారం అడిగే హక్కు ఉంది, లేబర్ ఆఫీసులో కనుక్కోండి. మొదటి ఆసుపత్రి డిశ్చార్జి కాగితం, గాయం ఫొటోలు జాగ్రత్తగా ఉంచండి.

ఇది చదివే మిగతా వాళ్లకు ఒక మాట. గాజు, రేకు, గాలిపటం మాంజా, సంక్రాంతి కోడికత్తి, ఏది చేతినో మణికట్టునో కోసినా, కుట్లకు మత్తు ఇంజెక్షన్ ఇవ్వకముందే ప్రతి వేలి కొస తాకి తెలుస్తోందా అని చూడమనండి. వేళ్లు విడదీయమనండి. ఒక్క నిమిషం పని. మత్తు ఇచ్చాక ఏదీ తేలదు. నరం తెగిందని ఆ రోజే తెలిస్తే కొద్ది రోజుల్లోపు నేరుగా కుట్టెయ్యొచ్చు, గ్రాఫ్ట్ అవసరం రాకపోవచ్చు.

ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాక స్ప్లింట్ కొలతలు ముందే ఇచ్చేయండి. కట్టు విప్పాక కొలత ఇస్తే అది తయారై వచ్చేదాకా వేళ్లు వట్టినే వంగి ఉంటాయి. తేదీ తెలిశాక ఇక్కడ రాయండి, మొదటి నెల వ్యాయామాలు వారం వారం ఎలా చేయాలో మీ సర్జన్ ఇచ్చిన సూచనలు చూసి రాస్తాను.